తాడు ఎవరి చేతిలో ఉంది? నల్లమలలో తరాల గాయం, నేలతో తీరే బెంగ

నల్లమలలో పెద్ద తేనె చెట్టు కొమ్మలకే కాదు, కొండచరియలకూ దొరుకుతుంది. పైనుంచి తొంగిచూస్తే లోయ అడుగు కనిపించని చోట, నారతో పేనిన పొడవాటి తాడును గట్టి చెట్టు మొదలుకు చుట్టి, ఒక చెంచు మనిషి దాన్ని పట్టుకుని రాతి అంచు మీదుగా కిందికి జారతాడు. పచ్చి ఆకుల పొగకు ఈగలు లేస్తాయి. గాలిలో ఊగుతూనే పట్టును కోసి బుట్టలోకి దించుకుంటాడు. ఇంతసేపూ పైన తాడు దగ్గర కూర్చునేది అతని తండ్రో, సొంత తమ్ముడో కాదు. బావమరిది. అన్నదమ్ముల మధ్య ఏ పాత పగైనా ఉండవచ్చు కానీ, తోబుట్టువు పసుపు కుంకుమల కోసమైనా బావమరిది తాడు వదలడని చెంచుల లెక్క.

చూడటానికి చిన్న ఆచారం. కానీ తిండి, చుట్టరికం, నైపుణ్యం, ప్రాణభయం నాలుగూ అక్కడ ఒకే తాడుకు ముడిపడి ఉన్నాయి. ఆ కుటుంబాన్ని చరియకు దూరంగా, రోడ్డు పక్క కాలనీలో సిమెంటు ఇంట్లో పెడితే పోయేది తేనె ఒక్కటే కాదు. బావమరిదికి బావ జీవితంలో ఉన్న పని పోతుంది. ఆ పనిని బట్టి వచ్చిన గౌరవం పోతుంది. వాళ్ల పిల్లలు ఇద్దరు మనుషుల మధ్య నమ్మకం ఎలా ఉంటుందో కళ్లారా చూసే సందర్భం పోతుంది. తరాల గాయం అని ఇప్పుడు సామాజిక శాస్త్రాల్లో వినిపిస్తున్న మాటకు నల్లమలలో అర్థం వెతకాలంటే ఈ తాడు దగ్గరే మొదలుపెట్టాలి.

ఆ మాట పుట్టింది మాత్రం ఇక్కడ కాదు. అమెరికాలోని లకోటా తెగకు చెందిన సామాజిక సేవా రంగ పరిశోధకురాలు మరియా యెల్లో హార్స్ బ్రేవ్ హార్ట్, 1980ల నుంచి తన ప్రజల్లో తాగుడు, ఆత్మహత్యలు, అంతులేని దుఃఖం ఎందుకింత ఎక్కువని వెతుకుతూ, ఒక్కో మనిషి జీవితంలో దొరకని కారణాన్ని జాతి అనుభవించిన నష్టంలో చూశారు. భూములు గుంజుకోవడం, ఊచకోతలు, పిల్లలను బడుల పేరిట ఎత్తుకెళ్లడం, ఇవన్నీ తీరని దుఃఖమై తర్వాతి తరాలకు చేరాయన్నది ఆమె వాదన. కెనడాలో ఒకటిన్నర లక్షల మంది ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పెట్టిన వసతి బడుల చరిత్రను విచారించిన కమిషన్ 2015లో తుది నివేదిక ఇచ్చేనాటికి, ఈ ఆలోచన విధాన పత్రాల్లోకి కూడా ఎక్కింది.

భయం జన్యువుల మీద గుర్తులు వేసి మనవల దాకా దిగుతుందన్న సిద్ధాంతం కూడా ప్రచారంలో ఉంది. మనుషుల విషయంలో అది ఇంకా తేలని సంగతి. నిజానికి దాని అవసరమూ పెద్దగా లేదు. ఖాకీ బట్టలు కనబడితే చెట్టు చాటుకు తప్పుకోవడం, ధర ఎంతని అడగకుండా సరుకు ఇచ్చేసి రావడం, కాగితం చూపిస్తే చదవకుండా వేలిముద్ర వేయడం వంటి అలవాట్లు రక్తంలో దిగాల్సిన పని లేదు. ఒకే కప్పు కింద పెరిగితే చాలు.

తెలుగులో దీనికి కొత్త పారిభాషిక పదం తయారుచేసేముందు పాత మాట ఒకటి గుర్తుచేసుకోవాలి. బెంగ. కొత్త కోడలు పుట్టింటి మీద బెంగపెట్టుకుంటుంది, హాస్టల్లో వేసిన పిల్లవాడు తల్లి మీద బెంగపెట్టుకుని జ్వరం తెచ్చుకుంటాడు. బెంగకు మందు మాత్ర కాదనీ, దేని మీద బెంగో దాని దగ్గరికి తీసుకెళ్లడమేననీ ఇంట్లో పెద్దలందరికీ తెలుసు. చిక్కల్లా ఎక్కడంటే, తాత పోగొట్టుకున్నదాన్ని మనవడు కళ్లతో చూసి ఉండడు. పేరు తెలియని దాని మీద పెట్టుకున్న బెంగను ఎవరు, ఎక్కడికి తీసుకెళ్లి తీర్చాలి?

నల్లమలలో ఆ పోగొట్టుకోవడం ఒక్క రోజున జరగలేదు. పాత మహబూబ్‌నగర్ జిల్లా, అంటే ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల ఊళ్లను పెంటలంటారు. మైదానం తెలుగులో ఆ మాటకు చెత్తకుప్ప అని అర్థం రావడం వల్ల కొత్తవాళ్లు అప్పాపూర్ పెంట, రాంపూర్ పెంట అని పలకడానికి కాస్త మొహమాటపడతారు. అడవిలో మాత్రం అది నాలుగు గుడిసెలు, ఒక నీటి చెలమ, చుట్టూ ఎంతవరకు ఎవరు తవ్వుకోవచ్చో, ఏ చరియ తేనె ఏ ఇంటిపేరు వాళ్లదో తెలిసిన హద్దు. నిమ్మల, చిగుర్ల, తోకల వంటి ఇంటిపేర్లకు ఆ హద్దులతో సంబంధం ఉండేది.

ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ రెండో ప్రపంచయుద్ధం మొదలవడంతో హైదరాబాద్ సంస్థానంలో చిక్కుకుపోయి, 1940లో ఈ పెంటల్లో తిరిగి చూసినప్పటికే హద్దుల మీదికి వేరే హద్దులు వచ్చి పడ్డాయి. అటవీ శాఖ గీతలు, గుత్తేదారులు చెట్లు నరికే కూపులు, పన్నులు. ఆయన సూచన మీద నిజాం ప్రభుత్వం పీఠభూమి పైభాగాన్ని చెంచుల కోసం ప్రత్యేకంగా కేటాయించింది. కృష్ణకు ఆవల మద్రాసు ప్రెసిడెన్సీ వైపు చెంచులకు ఆ పాటి దయ కూడా దక్కలేదు. నేరస్థ తెగల చట్టం కింద వాళ్ల పేరు చేర్చి హాజరు వేయించారు. ఆ చట్టం 1952లో రద్దయింది కానీ, నది ఈవలా ఆవలా చుట్టరికాలున్న మనుషుల మధ్య అటువంటి ముద్ర రద్దు ఉత్తర్వుతో పోదు.

ఆ తర్వాతవి వరుసగా వచ్చాయి. 1978లో అభయారణ్యం, 1983లో పులుల సంరక్షణ కేంద్రం. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. కీలక ప్రాంతమే రెండు వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. 2019లో అందులో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు నల్లమల అంతా రోడ్డెక్కింది. ఆ ఏడు సెప్టెంబరులో శాసనసభ వ్యతిరేక తీర్మానం చేశాక సద్దుమణిగింది. నల్లగొండ జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు ప్రజలకు ఈ అనుభవం కొత్త కాదు, 2003 నుంచే వాళ్లు యురేనియం గనుల ప్రతిపాదనతో పోట్లాడుతున్నారు. పులి కోసం తేనె కోయవద్దన్న చోటే బోరు యంత్రాలకు అనుమతి దొరకబోయిందన్న సంగతి పెంటల్లో ఎవరూ మరిచిపోలేదు. ఇటువంటివి అధికారుల దృష్టిలో రెండు వేర్వేరు ఫైళ్లు. గాయం తగిలినవాడికి ఒకే చెయ్యి.

నేల నుంచి విడిపోవడం ఆదివాసులకే పరిమితం కాదని చెప్పడానికి కృష్ణ ఒడ్డునే ఇంకో ఉదాహరణ ఉంది. 1981లో శ్రీశైలం జలాశయం నింపడానికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద గ్రామాలను ఖాళీ చేయించారు. తుంగభద్ర కృష్ణలో కలిసే కూడవెల్లిలోని సంగమేశ్వరాలయాన్ని అప్పుడు రాయి రాయి విడదీసి, గుర్తులు వేసి, ఆలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఇవాళ వెళ్లినా ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో ఆ రాయే ఉంటుంది. మనుషుల విషయంలో ఆ జాగ్రత్త లేకపోయింది. ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు ఉండేదో, ఎవరి పొలం గట్టు మీద ఎవరి వేపచెట్టు నీడ పడేదో ఎవరూ గుర్తులు వేయలేదు. ఇంటికో ఉద్యోగమన్న 1986 నాటి జీవో 98 కోసం పిల్లలు, మనవలు కూడా దరఖాస్తులు పట్టుకుని తిరిగారు. కొల్లాపూర్ ప్రాంతంలో జీవో 98 అంటే ఒక కాగితం పేరు కాదు, ఒక వారసత్వం పేరు. ఎండాకాలం నీళ్లు తగ్గితే పాత ఊళ్ల గోడల మొదళ్లు బయటపడతాయి. అంతవరకే నేల తిరిగి దొరకడం.

నేలతో బంధం నిలబడితే గాయం మానుతుందన్నదానికి ఆధారం ఏమిటి? మంచిమాటలు చాలా ఉన్నాయి, లెక్కలు తక్కువ. ఉన్నవాటిలో గట్టిది కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మైకేల్ చాండ్లర్, క్రిస్టఫర్ లాలోండ్ 1998లో ప్రచురించిన అధ్యయనం. అక్కడి దాదాపు రెండు వందల ఆదివాసీ సమూహాల్లో యువకుల ఆత్మహత్యలను వాళ్లు విడివిడిగా లెక్కగట్టారు. ఆదివాసులందరిలోనూ ఆత్మహత్యలు ఎక్కువన్న వాడుక మాట అక్కడే కూలిపోయింది. సగానికి పైగా సమూహాల్లో ఆ ఐదేళ్లలో ఒక్క యువ ఆత్మహత్య కూడా లేదు, కొన్నింటిలో మాత్రం దేశ సగటుకు వందల రెట్లు. తేడా ఎక్కడుందని చూస్తే, సొంత భూమి కోసం న్యాయపోరాటం చేస్తున్నవి, సొంత పాలన, సొంత బడి, వైద్యం, రక్షణ వ్యవస్థ, సంస్కృతికి ఒక చోటు ఉన్నవి మెరుగ్గా ఉన్నాయి. ఆరూ ఉన్నచోట ఆత్మహత్యలు సున్నా. ఇందులో ముఖ్యమైన మాట భూమి ఉండటం కాదు, భూమి కోసం కొట్లాడుతుండటం. పట్టా చేతికి రాకముందే, మాది అని నిలబడటంతోనే ఏదో మారుతోంది.

రెండోది ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని ఆర్నెమ్ ల్యాండ్ నుంచి 2009లో వచ్చింది. తమ నేలను కాల్చి శుభ్రం చేయడం, వేట, సేకరణ, పవిత్ర స్థలాల సంరక్షణలో ఎక్కువగా పాల్గొన్నవాళ్లలో మధుమేహం, రక్తపోటు, మానసిక ఒత్తిడి తక్కువగా కనిపించాయి. ఆరోగ్యం బాగున్నవాళ్లే బయటికి ఎక్కువ వెళ్లి ఉండవచ్చు కదా అన్న అనుమానం అటువంటి అధ్యయనాలన్నింటికీ ఉంటుంది. అయినా గమనించదగ్గది, అక్కడ నేలతో బంధం అంటే చెట్టు కింద కళ్లు మూసుకుని కూర్చోవడం కాదు. చెమటపట్టే పని.

ఈ తేడా చెప్పుకోవడం అవసరం. ఎందుకంటే హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డున మన్ననూరు దాటి వచ్చే వారాంతపు కార్లకు కూడా ప్రకృతి ఊరటనిస్తుంది. ఫర్హాబాద్ వ్యూ పాయింట్ దగ్గర గాలి పీల్చుకుంటే ఎవరికైనా హాయే. అది అలసట తీర్చుకోవడం. చెంచు కుటుంబానికి కావలసింది అలసట తీర్చుకునే చోటు కాదు, అలసిపోవడానికి తగిన పని. అదే అడవిలో సఫారీ జీపుకు అనుమతి, తేనె బుట్టకు సంజాయిషీ ఉన్నంతకాలం ప్రకృతి వైద్యం గురించి మాట్లాడటం కొంచెం సిగ్గుపడాల్సిన పని.

నేల తనంతట తానే మంచి చేస్తుందనుకోవడమూ పొరపాటే. మునుగోడు, మర్రిగూడ వైపు తరతరాలుగా వెన్ను వంచింది ఆ నేల నీళ్లే. బోరు లోతుకు వెళ్లేకొద్దీ ఫ్లోరైడ్ పెరిగింది, పళ్లు గారపట్టాయి, ఎముకలు వంకర్లు పోయాయి. అక్కడి ప్రజలకు సొంత భూగర్భంతో అనుబంధం పెంచుకోమని చెప్పడం క్రూరమవుతుంది. వాళ్లకు కావలసి వచ్చింది కృష్ణా నీళ్ల గొట్టం. నేల మందు అవుతుందా విషమవుతుందా అన్నది దాని మీద మాట చెల్లేది ఎవరికన్నదాన్ని బట్టి ఉంటుంది.

చట్టం ఈ సంగతి ఒకసారి ఒప్పుకుంది. 2006 అటవీ హక్కుల చట్టం పీఠికలోనే అడవి ప్రజలకు చారిత్రక అన్యాయం జరిగిందన్న మాట ఉంది. మన పార్లమెంటు ఒక గాయాన్ని అంత సూటిగా పేరు పెట్టి పిలిచిన సందర్భాలు చాలా లేవు. అమలుకు వచ్చేసరికి మాత్రం కొలబద్ద మారిపోయింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచింది. పెద్ద పనే. కానీ పట్టా దక్కేది దున్నిన నేలకు. గడ్డలు తవ్వి, బంక గీసి, తేనె దించి బతికినవాడు అడవిని దున్నలేదు. అతను వాడుకున్న వేల ఎకరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి కాబట్టే అవి అతనివని రుజువు లేకుండా పోయింది. బాగా కాపాడినవాడికే కాగితం దొరకని లెక్క ఇది.

అదే చట్టంలో దీనికి విరుగుడు కూడా ఉంది. చెంచుల వంటి అత్యంత వెనుకబడిన ఆదివాసీ సమూహాలకు మూడో సెక్షన్ ఆవాస హక్కు ఇస్తుంది. ఎకరాలు కొలవకుండా, సంప్రదాయంగా తిరిగిన చోటు, పూజించిన చోటు, సేకరించిన చోటు అంతటినీ కలిపి గుర్తించే హక్కు అది. మధ్యప్రదేశ్‌లో భారియాలకు, బైగాలకు, 2023లో ఛత్తీస్‌గఢ్‌లో కమార్లకు దక్కింది. ఆ హక్కు కోరాలంటే ముందు పెద్దలు కూర్చుని ఏ వాగు దాకా ఏ ఇంటిపేరు వాళ్లదో, ఏ గుట్ట మీద ఏ దేవర ఉందో పేర్లతో సహా గుర్తుచేసుకుని పటం గీయాలి. వైద్యం అనదగ్గది అసలు ఆ గీయడంలోనే ఉంది. పేరు తెలియని బెంగకు పేర్లు దొరికేది అక్కడే. పత్రం మీద కలెక్టరు సంతకం తర్వాతి మాట.

తరలింపు ప్రతిపాదనలను కూడా ఈ వెలుగులోనే చూడాలి. పులుల కీలక ప్రాంతం నుంచి స్వచ్ఛందంగా వెళ్లే కుటుంబానికి పది లక్షల రూపాయల ప్యాకేజీ ఉండేది, 2021లో పదిహేను లక్షలు చేశారు. సార్లపల్లి, కుడిచింతలబైలు వంటి ఊళ్లలో దీని మీద చర్చ కొన్నేళ్లుగా నడుస్తోంది. వెళ్తామనేవాళ్లు ఉన్నారు, వాళ్ల కారణాలు తేలికైనవి కావు. పురుటినొప్పులు వస్తే మంచం మీద మోసుకురావాలి, కరెంటు లేదు, పిల్లలకు బడి దూరం. అడవిలోనే ఉండి సంస్కృతి కాపాడమని నగరంలో కూర్చుని చెప్పడం సులువు. అయితే వెళ్లేవాళ్లు ఎంచుకుంటున్నది ఆసుపత్రినా, లేక ఆసుపత్రి ఇవ్వకపోవడం వల్ల పదిహేను లక్షలనా అన్నది అడగవలసిన ప్రశ్న. చట్టంలో స్వచ్ఛందం అన్న మాట బరువంతా దాని జవాబు మీదే ఉంది.

బంధం పూర్తిగా తెగలేదనడానికి చైత్ర పౌర్ణమి సాక్ష్యం. ఆ రోజుల్లో సలేశ్వరం లోయలోకి వేల మంది దిగుతారు, వస్తున్నం లింగమయ్యా అని అరుస్తూ. జలపాతం పక్క గుహలో లింగమయ్యకు పూజ చేసేది చెంచులే. శివరాత్రికి బౌరాపూర్‌లో భ్రమరాంబ, మల్లికార్జునుల కల్యాణం జరిగినప్పుడు వాళ్లు పెళ్లికూతురి వైపు వాళ్లు, మల్లన్న ఇంటి అల్లుడు. ఏడాదిలో ఆ కొద్ది రోజులు మైదానంవాళ్లు చెంచుల దగ్గర దారి అడుగుతారు, బొట్టు పెట్టించుకుంటారు. మిగతా రోజుల్లో ఎక్కువగా జరిగేది దీనికి తలకిందులు. జాతర అయ్యాక లోయలో మిగిలే ప్లాస్టిక్ సీసాలు ఏరేది కూడా ఎవరో చెప్పనక్కరలేదు.

అటవీ శాఖ చెంచులను బేస్ క్యాంపు కాపలాదారులుగా, పులి జాడ చూసేవాళ్లుగా పెట్టుకోవడం ఇంకో మంచి దారి. ఎండిన వాగు ఇసుకలో అడుగు చూసి ఆడదా మగదా, రాత్రి వెళ్లిందా తెల్లవారి వెళ్లిందా అని చెప్పగలిగిన చదువు ఏ కళాశాలా ఇవ్వదు. ఆ చదువుకు ప్రస్తుతం దొరికేది అన్నింటికంటే అడుగు మెట్టు ఉద్యోగం. ఆస్ట్రేలియాలో ఆదివాసీ రేంజర్లు సొంత నేల ప్రణాళికలో కూర్చుంటారు. ఇక్కడ జాడ చూపించినవాడు పక్కకు జరిగితే, ప్రణాళిక ఇంకొకరు రాస్తారు.

ఇక పిల్లలు. ఆశ్రమ పాఠశాలలను కెనడా బడులతో పోల్చడం అన్యాయం. ఇక్కడ భాషను కొట్టి మాన్పించలేదు, చెంచుల ఇంటి భాష తెలుగే. తిండి, చదువు దొరుకుతున్నాయి. జరుగుతున్నది ఇంకొకటి. నూలగడ్డ తవ్వేటప్పుడు తీగ మొదలు వదిలి మట్టి కప్పాలన్న సంగతి, తిరుమాను బంక ఏ నెలలో కారుతుందో, ఇప్పపువ్వు ఏ పొద్దున ఎక్కువ రాలుతుందో తెలియాల్సిన వయసంతా హాస్టల్లో గడిచిపోతోంది. పదో తరగతి తప్పి పెంటకు తిరిగి వచ్చిన కుర్రవాడికి రెండు చదువులూ సగం సగం. పట్నంలో చెంచువాడు, పెంటలో అడవి తెలియనివాడు. తాగుడు చాలాచోట్ల మొదలయ్యేది ఈ మధ్యలోనే.

దీనికి కొత్త పథకమేమీ అక్కరలేదు. వేసవి సెలవులకు బడులు ఏప్రిల్ చివర్లో మూసి జూన్ రెండో వారంలో తెరుస్తారు. చరియల మీద పెద్ద తేనె కోతకూ ఎండాకాలమే అదను. ఆ వారాల్లో చెంచు పెద్దలకు గురువుల లెక్కన వేతనం కట్టి, పిల్లలను వాళ్ల వెంట పంపి, కోతకు వెళ్లేవాళ్లను చెక్‌పోస్టు దగ్గర ఆపకుండా ఉంటే చాలు. మొదటి ఏడు పిల్లవాడు పొగకు పచ్చి ఆకులు ఏరుతాడు. తర్వాత తాడు ఎక్కడ ఒరుసుకుపోయిందో వేళ్లతో తడిమి చూడటం నేర్చుకుంటాడు. ముడి వేయడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది. ఆలోపు అక్కకు పెళ్లవుతుంది, చరియ దిగే బావ ఇంటికి వస్తాడు.